దారంతో కట్టిన పేరు

నల్ల బీరువా అడుగు సొరుగులో, నూనెకాగితంలో చుట్టి పురికొసతో కట్టిన పేరు ఒకటి మా అమ్మాయి చేతికి దొరికి ఆ సోమవారానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాకు సరిగ్గా ముద్ద దిగలేదు. కాగితం ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి సీసపు అక్షరాలు కనిపించాయి. క్విరీనా బ్రెస్సాన్. అది మా అత్తగారి పేరు. ఆవిడ పోయి యాభై ఏళ్ళు దాటింది. మా అమ్మాయి పేరు కూడా అదే. రీనా అని పిలుస్తాం. రీనా బతికే ఉంది. ఆ మాట రాస్తూ కూడా దిష్టి తగలకుండా బల్లచెక్క ముట్టుకున్నాను.

మా ఊరు వల్‌దోర్నాలో ఎవరు పోయినా చావుకబురు గోడకాగితం మా అచ్చాఫీసులోనే వేస్తారు. నల్ల అంచు, పైన శిలువ, మధ్యలో పెద్ద అక్షరాల్లో పేరు, కింద వయసు. పొద్దున పోతే మధ్యాహ్నానికల్లా చర్చి గోడమీద, వంతెన దగ్గర, రొట్టెల దుకాణం పక్కన కాగితం అంటుకుని ఉండాలి. ఆ పేరు వెయ్యడానికి మాత్రమే వాడే అక్షరాలు నల్ల బీరువాలో ఉంటాయి. వాటికి రెండు కట్టుబాట్లు. బతికున్నవాళ్ళ పేరు వాటితో పేర్చకూడదు. పేర్చిన పేరుని అచ్చు అయిన రోజే వెనిగర్ నీళ్ళతో కడిగి, సాయంప్రార్థన గంట కొట్టేలోగా ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసెయ్యాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. విడదియ్యని పేరు గొళ్ళెం పెట్టని తలుపులాంటిదని మా మామగారు అనేవారు.

ఆ అక్షరాలు చెక్కింది ఆయనే, అంపేలియో బ్రెస్సాన్. పాతికేళ్ళ వయసులో, ఉక్కుకడ్డీల కొసలమీద, భూతద్దం కంటికి కట్టుకుని. నిలువుగీతలు పోప్లార్ చెట్ల మొదళ్ళలా నిండుగా ఉంటాయి. అడ్డగీతలు తలవెంట్రుకంత సన్నం. ప్రతి అక్షరం పాదాల దగ్గరా ఒక సన్నటి గీత, చెప్పులు తొడుక్కుని నిలబడినట్టు. ఆ పాదాల వల్లే ముసలివాళ్ళు కూడా కళ్ళజోడు లేకుండా వీధి అవతలి గోడమీది పేరు పోల్చుకుంటారు. పోయినవాళ్ళు తూలకూడదు, నిటారుగా నిలబడాలి అని ఆయన మాట.

ఆ అక్షరాలనే మా అమ్మాయి ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. రెండేళ్ళుగా అదే పని.

ఆ సోమవారం పొద్దున పొగమంచు కిటికీ అద్దాలకి పిండి పూసినట్టు పట్టుకుంది. సమాధులమీద పూలు పెట్టే ఆత్మల పండుగ వెళ్ళి వారం కాలేదు. వీధిలో ఇంకా చామంతుల వాసన. బీరువా తాళంచెవి నా మెడలోనే ఉంటుంది, పుణ్యక్షేత్రం పతకం ఉన్న గుడ్డసంచి పక్కన. రీనా అడిగితే ఇచ్చాను. మిగతా సొరుగులతో పనుందనుకున్నాను. వంటింట్లో పొయ్యిమీద పులుసు పెట్టి కిందికి వచ్చేసరికి నూనెకాగితం పొట్లం బల్లమీద ఉంది.

"దాన్నెందుకు తీశావే?"

"కాఫీ తాగావా అమ్మా?"

"నేనడిగింది కాఫీ గురించి కాదు."

రీనా కుర్చీ నా వైపు తిప్పింది. వాళ్ళ నాన్న కళ్ళు. నిద్రలేక కింద నల్లటి వలయాలు. ఆ వలయాలు చూసినప్పుడల్లా దీనికి రక్తపరీక్ష చేయించాలేమో అనిపిస్తుంది నాకు.

"శుక్రవారం లోగా మొత్తం అక్షరమాల పంపాలి. మిలాన్ వాళ్ళు ఇంక ఒక్కరోజు కూడా ఆగరు. కొత్త నవలల వరుస మొత్తానికి అట్టలమీద ఇదే అక్షరం వేస్తామన్నారు. నేను పంపకపోతే ఇంకొకరిది తీసుకుంటారు. ఇరవై అయిదు అక్షరాలున్నాయి నా దగ్గర. క్యూ లేదు."

"గీసుకో. సున్నా గీసి తోక పెట్టు. నువ్వు గియ్యలేనిదా?"

"సున్నాకి తోక పెడితే అది ఎలకవుతుంది, క్యూ అవదు." నవ్వింది. "తాతయ్య క్యూ తోక పక్క అక్షరం కిందిదాకా వెళ్తుంది, పెళ్ళిగౌను వెనక జీరాడినట్టు. ఊళ్ళో గోడమీద ఒక్కసారి కూడా చూడలేదు నేను. ఉందో లేదో కూడా తెలీదు ఇన్నాళ్ళూ. ఉక్కు అచ్చు నదిలో పారేశాడట, పోత పోసింది ఒక్కటేనట. ఆ ఒక్కటీ ఇదిగో, ఈ పొట్లంలో ఉంది."

"అయితే దానిమీద సిరా రాసి కాగితంమీద ఒత్తి చూసుకో. విప్పడం దేనికి?"

"సిరా ఒలుకుతుందమ్మా. వెంట్రుకలాంటి గీత దారమంత అవుతుంది. సీసాన్నే కెమెరా కింద పెట్టాలి, ఒంటరిగా. ఇప్పుడు దాని తోక యూ భుజంమీద పడుకుని ఉంది." ఒక చేతిమీద ఇంకో చెయ్యి వాల్చి చూపించింది. "అక్షరం ఒక్కటే కాదు, రెండు అక్షరాల మధ్య ఖాళీ కూడా కొలవాలి నేను. ఆ ఖాళీ సరిగ్గా లేకపోతే పేరుకి ఊపిరాడదు."

ఊపిరి అన్న మాట నాకు నచ్చలేదు.

"అది మీ నానమ్మది. సమాధి లాంటిది. ముట్టుకోకు."

"నానమ్మది కాబట్టే నానమ్మ ఏమీ అనుకోదు. పైగా ఆవిడ పేరే పెడుతున్నాను ఈ ఫాంటుకి. క్విరీనా. ఎంత బావుందో చూడు."

తెర నా వైపు తిప్పింది. తెల్లటి తెరమీద నిలువునా మూడు బొమ్మలు. ఒకటి నవల అట్ట. ఒకటి పెళ్ళిపిలుపు. ఒకటి సెంటు సీసా. మూడింటిమీదా మా అక్షరాలే. పెళ్ళిపిలుపు మీద పెళ్ళికూతురి పేరు చూడగానే దాని చుట్టూ నాకు నల్లంచు కనిపించింది. ముప్పై అయిదేళ్ళు ఆ అక్షరాలు కడుగుతూ చూసిన కళ్ళు నావి. వాటికి వేరే ఏం కనిపిస్తుంది?

"రొట్టెల దుకాణం జెల్మీరా ఏమందో తెలుసా నిన్న?" అన్నాను. "మీ అమ్మాయి చావు అక్షరాలతో సెంటు అమ్ముతుందట కదా, రాసుకుంటే నేరుగా స్వర్గానికేనా అని."

"సీసా ఒకటి పంపిస్తానని చెప్పు. ముందు ఆవిడ మొగుడికి రాయమను."

"నవ్వకే."

"నవ్వక ఏం చెయ్యను? నాకు జలుబు చేస్తే నువ్వు ఫాదర్‌ని పిలవాలా వద్దా అని చూస్తావు. రైలెక్కితే పట్టాలు చూస్తావు. ఇప్పుడు సీసం ముక్కని చూసి వణుకుతున్నావు. ముప్పై మూడేళ్ళొచ్చాయి నాకు. గురువారం ముప్పై నాలుగు. ఒక అక్షరం తీసి పక్కన పెట్టినంత మాత్రాన రాలిపోను."

గురువారం. సాన్ మార్తీనో పండుగ. గుర్రమెక్కిన పునీతుడి ఆకారంలో బిస్కట్లు చేస్తాం ఊళ్ళో. రీనా పుట్టింది ఆ రోజే. ప్రతి ఏడూ ఆ రోజు పొద్దున మామయ్య నా దగ్గర తాళంచెవి అడిగి తీసుకునేవారు, బీరువాకి నూనె పెట్టాలని. ఏడాదికోసారి నూనె పెట్టేందుకు మనవరాలి పుట్టినరోజే ఎందుకు అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ క్షణంలో అనుకున్నాను.

"మీ తాతయ్యని అడగనీ. ఆయన సరేనంటే నేను అడ్డం రాను."

రీనా గోడగడియారం చూసింది. పదకొండున్నర. "మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆగుతాను. ఆ తరవాత ఆగను. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా."

పైకి పదిహేడు మెట్లు. మూడేళ్ళ కిందటి చలికాలంలో, కార్నివాల్ ముందు, మామయ్య ఆ మెట్లమీదే పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ తరవాత మళ్ళీ కిందికి దిగలేదు. తొంభై ఒకటో ఏడు. కిటికీ పక్కన కుర్చీలో, మోకాళ్ళమీద కంబళి, వేళ్ళు మాత్రం ఊరికే ఉండవు. కంబళి అంచుమీద లేని అక్షరాలు ఏరుతూ ఉంటాయి.

నేను తలుపు వేశాను. కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను.

"మామయ్యా, ఒకటి అడుగుతాను. దాచకుండా చెప్పండి. అడుగు సొరుగులో కట్టి పెట్టింది అత్తయ్య పేరేనా?"

ఏరుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరు తీశారు?"

"రీనా. ఇంకా విప్పలేదు. క్యూ కావాలంటోంది."

ఆయన కిటికీ వైపు తిరిగారు. కిటికీలో పొగమంచు తప్ప ఏమీ లేదు.

"మీ అత్త పోయినప్పుడు క్యూ లేదమ్మాయ్," అన్నారు. "నేను చెక్కలేదు అప్పటికి. ఈ ఊళ్ళో క్యూతో పేరు ఎవరికుంది కనక? ఆవిడొక్కతే. నా భార్య. చస్తుందనుకోలేదు. అరవై గోడకాగితాలమీద క్యూ ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, కుంచెతో ఒక్కొక్కటీ రాశాను. సిరా ఆరకముందే వాన పడింది. మర్నాటికి అరవై గోడలమీదా ఆవిడ పేరు మొదట్లో నల్లటి మరక." కంబళి అంచు మడిచారు. "ఆ సిగ్గుతో చెక్కాను దాన్ని. ఏడాది పట్టింది. ఒక్కటి పోత పోయించి, అచ్చు నదిలో పడేశాను. ఆవిడకి తప్ప ఇంకెవరికీ వద్దని."

"అత్తయ్యది కాకపోతే, ఆ పేరు ఎవరిది?"

"నీకు గుర్తుందా, రీనా పుట్టిన పొద్దున?"

నాకు గుర్తుంది, లేదు కూడా. పేగు మెడకి చుట్టుకుని నీలంగా పుట్టింది. నాకు రక్తం ఆగక నేను సగం తెలివిలో ఉన్నాను. మంత్రసాని వంటింటి గిన్నెలో నీళ్ళు తీసుకుని తనే పాపకి జ్ఞానస్నానం ఇచ్చిందని, పేరేమిటని అడిగితే నా మొగుడి నోట వాళ్ళమ్మ పేరు వచ్చిందని తరవాత చెప్పారు.

"డాక్టరు కిందికి దిగొచ్చాడు," అన్నారు మామయ్య. "మధ్యాహ్నం దాకా ఉండదు, మీరు కావలసినవి చూసుకోండి అన్నాడు. గోడకాగితం ఆ పూటే వెయ్యాలి. చేతులు ఏం చెయ్యాలో తెలీక అలవాటైన పని చేశాయి. పేర్చాను."

"బతికున్న పిల్ల పేరు."

"బతికున్న పిల్ల పేరు." కళ్ళు ఎత్తలేదు. "యాభై ఏళ్ళలో ఒక్కసారి తప్పు చేశాను. పేరు పేర్చాను, కింద వయసు వరుసలో సున్నా పెట్టాను. పైనుంచి ఏడుపు వినబడింది. పిల్లి ఏడ్చినట్టు. మా తుల్లియో మెట్లమీంచి అరిచాడు, నాన్నా ఊపిరి తీసుకుంటోంది అని. నేను వెంటనే ఆ పేరు విడదీద్దామనుకున్నాను. క్యూ పట్టకారుతో పైకి లాగాను."

ఆయన ఊపిరి తీసుకున్నారు. ఎంత నెమ్మదో. కింద గడియారం గురించి ఆలోచిస్తూ నేను లేచి నిలబడ్డాను.

"ఏడుపు ఆగిపోయిందమ్మాయ్, నివెస్. కత్తిరించినట్టు. పైన మంత్రసాని ఏడుస్తోంది. నేను క్యూ చేతిలో పట్టుకుని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... పదకొండు దాకా. అప్పుడు దాన్ని మళ్ళీ దాని చోట పెట్టేశాను. పెట్టానో లేదో, పైన ఏడుపు మొదలైంది. ఇంక ఆగలేదు. సాయంత్రం దాకా ఏడ్చింది."

అప్పుడు మధ్యాహ్నం గంట మొదటి దెబ్బ పడింది.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ వేళ్ళకి ఇంకా బలముంది, ఇనప పట్టకారులా. "విను. ఇంకో సంగతుంది. అబద్ధం రాసిన గోడకాగితం ఊరుకోదు. దాన్ని నిజం చెయ్యడానికి తిరుగుతుంది. అందుకే ప్రతి ఏడూ, అమ్మాయి పుట్టినరోజు పొద్దున, వయసు మార్చేవాణ్ణి. ఒకటి. రెండు. పదిహేడు. ఏ రోజు చూసినా వయసు లెక్కైనా నిజంగా ఉండేలా. ఆఖరుసారి దిగినప్పుడు ముప్పై ఒకటి పెట్టాను. తరవాత కాలు విరిగింది. రెండు పుట్టినరోజులు తప్పిపోయాయి. నీకు చెబుదామనుకున్నాను, చెబితే నువ్వు నిద్రపోవు. ఒకటి తీసి మూడు పెట్టు. నాలుగో గడిలో ఉంటాయి మూళ్ళు. గురువారం లోగా పెట్టు. క్యూ మాత్రం, క్యూ ముట్టుకోనివ్వకు."

రెండో దెబ్బ. మూడోది. నేను చెయ్యి విడిపించుకున్నాను.

పదిహేడు మెట్లూ ఎలా దిగానో నాకు తెలీదు. ఒక చెప్పు ఏడో మెట్టు దగ్గర ఉండిపోయింది. మెట్టుకొక దృశ్యం వచ్చింది కళ్ళముందుకి. బల్లమీద వాలిన తల. నేలమీద తెల్లటి చెయ్యి. అంబులెన్సు పొగమంచులో వంతెన దాటలేక ఆగిపోవడం. ఊళ్ళో గోడకాగితాలు అంటించే సెవెరీనో, జిగురు బకెట్టు పట్టుకుని వంతెన దగ్గర కాగితం అంటించడం. ఆ కాగితం మీది పేరు నేనే పేర్చాలా అని కూడా అనుకున్నాను. పేర్చడానికి క్యూ ఉందిలే అనుకున్నాను. మనసు అంత పాపిష్టిది.

గంట ఆగిపోయింది. అచ్చాఫీసు నిశ్శబ్దంగా ఉంది.

తలుపు తోశాను.

రీనా బల్ల ముందు నిలబడి రొట్టె నములుతోంది.

నేను తలుపు చెక్కకి ఆనుకుని అలాగే ఉండిపోయాను. దాని దవడ కదులుతోంది. ముక్కు మీద రొట్టెపిండి. నేను లెక్కపెట్టాను, మామయ్యలా. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాటి, ఇరవై దాటి, ముప్పై దాకా వెళ్ళాను. అది నములుతూనే ఉంది.

"ఏమిటా మొహం? తాతయ్య ఏమన్నాడు? చెప్పేది తొందరగా చెప్పు, అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాను, గంట కొట్టగానే తీసేశాను."

బల్లమీద నూనెకాగితం విప్పి పరిచి ఉంది. ఇనప పళ్ళెంలో సీసపు వరుస. మొదట్లో ఖాళీ. ఆ ఖాళీ కూలిపోకుండా చిన్న చెక్కముక్క దూర్చింది. దీపం కింద, నల్లగుడ్డ మీద, క్యూ ఒంటరిగా నిలబడి ఉంది.

"నీకేమీ అనిపించలేదా? ఊపిరి ఆడకపోవడం? గుండె దడ?"

"ఆకలేసింది." రొట్టె చూపించింది. "ఇటు రా. చూడు."

చెయ్యి పట్టుకుని తెర ముందుకి తీసుకెళ్ళింది. నేను వెళ్ళింది ఆ చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూసుకోవడానికి. వెచ్చగానే ఉంది.

తెరంతా ఒకే అక్షరం. ఇన్నేళ్ళు సీసంతో కాపురం చేసినదాన్ని, అలాంటిది చూడలేదు. గుండ్రం నిండుగా, నెల నిండినట్టు. కింద నుంచి తోక మొదలై, మొదట దారమంత సన్నగా, పోనుపోను నిండి, మళ్ళీ సన్నబడి, ఎక్కడ ముగిసిందో కంటికి తెలియకుండా ముగిసింది. అది ఒక మనిషి భార్యకి క్షమాపణ చెప్పుకున్న తీరు. నాకు ఏడుపొచ్చింది.

"ఇది శుక్రవారం వెళ్తే ఎవరో ఎక్కడో పుస్తకం కొని అట్ట చూస్తారు," అంది రీనా మెల్లగా. "ఎవరూ చావలేదు కదా అమ్మా. చూడు. ఎవరూ చావలేదు."

మామయ్య చెప్పిందంతా చెప్పాను. దాచలేకపోయాను. అది వింటూ రొట్టె పక్కన పెట్టేసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నీలంగా పుట్టిన సంగతి తెలుసుగానీ ఆ పదకొండు అంకెల సంగతి దానికీ కొత్త. మెడ తడుముకుంది, తనకి తెలియకుండానే.

"పాపం తాతయ్య," అంది చివరికి. "ముప్పై ఏళ్ళు ఒక్కడే మోశాడా?" తరవాత పట్టకారు తీసుకుంది. "సరే. ఫోటోలు అయిపోయాయి. క్యూ మళ్ళీ పెట్టేస్తాను. నీకోసం కాదు, ఆయన కోసం. నువ్వు వయసు సరిచెయ్యి. రేపట్నుంచి మళ్ళీ మామూలు మనుషుల్లా బతుకుదాం, ఏం?"

ఎంత తేలికపడ్డానో చెప్పలేను. పిల్ల బతికుంది, అక్షరం దొరికింది, ముసలాయన మనసు కుదుటపడుతుంది. ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి, చెడ్డది రావడం మానేసిందేమో అనుకున్నాను. నాలుగో గడిలోంచి మూడు అంకె ఒకటి ఏరుకున్నాను. సీసం చేతిలో చల్లగా ఉంది. పళ్ళెం మీదికి వంగాను.

నేను చదివింది అయిదో తరగతి. సీసంమీద అక్షరాలు అద్దంలోలా తిరగేసి ఉంటాయి. అయినా పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాదే వాటిని చదవడం వచ్చేసింది. మామూలు పుస్తకం కంటే నాకు అదే సులువు. పొరపాటు పడే ప్రశ్నే లేదు.

పేరు కింద చిన్న వరుస. వయసు వరుస.

మూడు. నాలుగు.

"రీనా, అంకె నువ్వు మార్చావా?"

"ఏ అంకె?"

"ముప్పై ఒకటి ఉండాలి ఇక్కడ."

వచ్చి నా పక్కన వంగింది. "కింది వరుస నేను ముట్టుకోనే లేదు. నాకు క్యూతో తప్ప పనేముంది? ఆగు." కెమెరా తెచ్చి వెనక్కి జరుపుతూ వెళ్ళింది. "విప్పకముందు ప్రతిదీ తీశాను. పొట్లం. కాగితం తెరిచాక. దారం విప్పకముందు. ఇదిగో."

చిన్న తెరమీద కట్టిన వరుస కనిపించింది, దారంతో, దుమ్ముతో సహా. పేరు కింద మూడు, నాలుగు. దుమ్ము అంతటా ఉంది, మూడు మీద కూడా ఉంది. నాలుగు మీద లేదు.

"తాతయ్య లెక్క తప్పాడేమో," అంది. "ముసలాయన కదా."

"ఆయన దిగి మూడు చలికాలాలవుతోంది. అప్పటికి నీకు ముప్పై ఒకటి." నా మెడలో తాళంచెవి పట్టుకున్నాను. "ఇది రాత్రీపగలూ ఇక్కడే ఉంది. నీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు."

గురువారం దానికి ముప్పై నాలుగు. ఇంకా మూడు రోజులుంది. ఎవరో ముందుగానే పెట్టి ఉంచారు.

రీనా ఇంకా కెమెరా చూస్తోంది. వేలితో బొమ్మని పెద్దది చేసింది. "అమ్మా, ఈ దారం చూడు. తాతయ్య కట్టిన పాత అక్షరాల కట్టలు అటకమీద ఎన్నో చూశాను నేను. గడియారం ముల్లు తిరిగిన వైపే చుడతాడు ఎప్పుడూ. ఇది ఎదురు తిరిగింది."

నేను చూడక్కర్లేదు. ఎదురు చుట్టు చుట్టినందుకు ఈ గదిలోనే, ఈ బల్ల దగ్గరే, మామయ్య కొడుకుని తిట్టడం వెయ్యిసార్లు విన్నాను. కుడిచెయ్యి దేవుడిస్తే ఎడమచేత్తో కడతావేంరా, పేరు ఊడిపోతుంది అని. తుల్లియో నవ్వి, ఎడమచేత్తోనే మళ్ళీ కట్టేవాడు.

తుల్లియో, నా మొగుడు. పోయి పదకొండేళ్ళు. ఆయన పేరు నేనే పేర్చాను. అచ్చు వేశాను. వెనిగర్ నీళ్ళతో కడిగాను.

"అమ్మా," అంది రీనా, నా మొహం చూసి. "నాన్న పేరు ఆ సాయంత్రం నువ్వు మొత్తం విడదీసి గళ్ళలో వేసేశావు కదా?"

తాళంచెవి వదిలేసి దాని పక్కనున్న గుడ్డసంచిని గుప్పిట్లోకి తీసుకున్నాను. పుణ్యక్షేత్రం పతకమని పదకొండేళ్ళుగా అందరికీ చెబుతూ వస్తున్నాను. పతకం గుండ్రంగా ఉంటుంది. నా వేళ్ళకి గుడ్డలోంచి నాలుగు పలకల సీసం తగిలింది. దాని కొసన నిలువుగీత, పైన అడ్డగీత, కింద చెప్పులు తొడుక్కున్నట్టు సన్నటి పాదం. ఆయన పేరులో మొదటి అక్షరం, ఆ సాయంత్రం గడిలో వెయ్యకుండా నేను దాచుకున్నది.

అది వెచ్చగా ఉంది. నా ఒంటి వేడే అనుకున్నాను.